ఇంటర్వ్యూ మార్కుల్ని కోర్టు దిద్దదు

అధ్యాపక పోస్టుకు ఇంటర్వ్యూ బాగానే చేశామనుకున్నాక ఎంపిక జాబితాలో పేరు కనపడకపోతే చాలామందికి మొదట తట్టేది కోర్టే. అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ నెట్, సెట్ రాసి, సాయంత్రాలు క్లాసులు చెప్పుకుంటూ పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లకు కోపం రావడంలో వింత లేదు. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన ఒక్క నోటిఫికేషనూ చేజారిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కోర్టుకు వెళ్లే హక్కూ ఉంది. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. అయితే లాయరుకు ఫీజు కట్టే ముందు మీ ఫిర్యాదు ఏ రకానిదో తేల్చుకోండి. "నాకంటే తక్కువవాడిని తీసుకున్నారు" అన్నది ఒక రకం. "తీసుకున్న పద్ధతే తప్పు" అన్నది ఇంకో రకం. మొదటి రకం కేసు నెగ్గడం చాలా అరుదు. రెండో రకం కేసు, చేతిలో కాగితాలుంటే నిలబడుతుంది.

లాయరు ఆఫీసుల్లో తరచూ నడిచే మాటలు ఇలా ఉంటాయి.

"సార్, సెలెక్టయిన ఆయనకు పబ్లికేషన్లు నాలుగే. నావి పదకొండు."

"పబ్లికేషన్‌కు ఇన్ని మార్కులని నోటిఫికేషన్‌లో ఉందామ్మా?"

"ఇంటర్వ్యూకు పిలవడానికి లెక్క వేశారు సార్."

"పిలిచారుగా. ఆ తర్వాత దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఏ పేరాలో ఉంది?"

ఆమె దగ్గర జవాబు ఉండదు. తప్పు ఆమెది కాదు. నోటిఫికేషన్‌లో అర్హతలు, ఫీజు, చివరి తేదీ చూసి మిగతాది వదిలేయడం అందరికీ అలవాటే. కోర్టులో కేసు తిరిగేదంతా ఆ వదిలేసిన పేరాల చుట్టూనే.

కమిటీ మాటకు అంత బలం ఎక్కడిది?

మైసూరు విశ్వవిద్యాలయం 1959లో ఇచ్చిన ప్రకటనలో ఇంగ్లిషు రీడరు పోస్టు ఉంది. ఎం.ఏ.లో ఫస్ట్ క్లాస్ గానీ 'హై సెకండ్ క్లాస్' గానీ ఉండాలి, లేదా దానికి సమానమైన విదేశీ అర్హత ఉండాలి. ఎంపికైన అన్నయ్య గౌడకు మైసూరు ఎం.ఏ.లో వచ్చినవి 50.2 శాతం. ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయం ఎం.ఏ. కూడా ఉంది. సి.డి.గోవిందరావు ఆ నియామకాన్ని సవాలు చేశారు. 50.2 శాతం సెకండ్ క్లాస్ అయితే కావచ్చు, హై సెకండ్ క్లాస్ ఎలా అవుతుందని హైకోర్టు నియామకాన్ని కొట్టేసింది. 1963 ఆగస్టులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసింది. డర్హమ్ డిగ్రీ ఆ అర్హతకు సమానమో కాదో తేల్చే పని ఎంపిక చేసిన నిపుణుల బోర్డుది. బోర్డు మీద దురుద్దేశం ఆరోపణ కూడా లేదు. చదువులకు సంబంధించిన విషయంలో, ఆ రంగం తెలిసినవాళ్లు ఇచ్చిన అభిప్రాయాన్ని తోసిపుచ్చడానికి కోర్టులు తొందరపడకూడదని తీర్పు చెప్పింది.

ఆరు దశాబ్దాలుగా విశ్వవిద్యాలయాల లాయర్లు వేసే కౌంటర్లలో ఈ కేసు తరచూ కనిపిస్తుంది. అదే మైసూరు విశ్వవిద్యాలయం సెరికల్చర్ రీడర్ల నియామకాలను హైకోర్టు రద్దు చేస్తే, 2010లో బసవయ్య కేసులో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే మాట చెప్పి వాటిని నిలబెట్టింది.

దీని వెనక ఉన్న తర్కం కష్టమైనదేమీ కాదు. సెరికల్చర్‌లో ఎవరి పరిశోధన లోతైనదో, ఇంగ్లిషు సాహిత్యం ఎవరు బాగా చెప్పగలరో న్యాయమూర్తికి తెలియదు. ఇంటర్వ్యూ గదిలో ఆయన లేరు. ఆరుగురు ప్రొఫెసర్లు కూర్చుని వేసిన మార్కుల్ని అఫిడవిట్లు చదివి మార్చడం మొదలుపెడితే ప్రతి పోస్టూ హైకోర్టులోనే భర్తీ చేయాల్సి వస్తుంది.

తలుపు ఎక్కడ తెరుచుకుంటుంది?

దళపత్ ఆబాసాహెబ్ సోలుంకే కేసులో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. సెలెక్షన్ కమిటీ నిర్ణయం మీద కోర్టు అప్పీలు వినదు. కమిటీ ఏర్పాటులో గానీ, అది నడిచిన తీరులో గానీ ఎంపికను దెబ్బతీసే స్పష్టమైన లోపం ఉంటే, చట్టవిరుద్ధం జరిగితే, దురుద్దేశం రుజువైతే మాత్రం జోక్యం చేసుకుంటుంది.

ఇది ఆచరణలో ఎలా పనిచేస్తుందో మన హైదరాబాదు కేసే చక్కగా చూపిస్తుంది. సెలెక్షన్ కమిటీ హైకోర్టుదే, అభ్యర్థులు లాయర్లే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పది జిల్లా జడ్జి పోస్టుల భర్తీ మొదలుపెట్టింది. రాత పరీక్షకు 75, ఇంటర్వ్యూకు 25 మార్కులని తీర్మానం. పరీక్ష మాత్రం 100 మార్కులకు పెట్టారు. మొదట ఆ 100కి ఇంటర్వ్యూ 25 కలిపి జాబితా తయారుచేశారు. తర్వాత ఇంకో కమిటీ రెండు మార్పులు చేసింది. రాత మార్కుల్ని 75కు కుదించింది. ఇంటర్వ్యూలోనూ కనీస మార్కులు రావాలన్న షరతు కొత్తగా పెట్టింది. ఆ షరతుతో కొందరి పేర్లు ఎగిరిపోయాయి.

కె.మంజుశ్రీ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 2008 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 75కు కుదించడం సరైనదే, ఎందుకంటే ముందే ఉన్న తీర్మానాన్ని అది అమలు చేసింది. ఇంటర్వ్యూలు అయిపోయాక కనీస మార్కుల షరతు తెచ్చిపెట్టడం మాత్రం చెల్లదు. ఆట ముగిశాక గీతలు జరపడం లాంటిదది. ఇంటర్వ్యూలో ఎవరికి ఎన్ని వేయాల్సిందన్న చర్చ జోలికి కోర్టు వెళ్లలేదు. వేసిన మార్కుల్ని అలాగే ఉంచి, వాటిని లెక్కించిన పద్ధతిని సరిచేసింది. మీ కేసు కూడా ఈ అచ్చులో పడుతుందేమో చూసుకోండి.

2024 నవంబరు 7న తేజ్‌ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మంజుశ్రీ తీర్పు సరైనదేనని చెప్పింది. భర్తీ ప్రక్రియ ప్రకటనతో మొదలై ఖాళీలు నిండడంతో ముగుస్తుంది. నియమాలు గానీ ప్రకటన గానీ అనుమతిస్తే తప్ప, మధ్యలో అర్హతా ప్రమాణాలు మార్చడానికి వీల్లేదు.

దరఖాస్తు చేసే రోజే చేయాల్సిన పని

నోటిఫికేషన్ పీడీఎఫ్ దింపుకుని, మైత్రీవనం దగ్గర ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింటు తీసి, ఎంపిక విధానం ఉన్న పేరాలను గుర్తు పెట్టుకోండి. వెబ్‌సైట్లలో పాత నోటిఫికేషన్లు మాయమవుతాయి, సవరణలు చడీచప్పుడు లేకుండా వస్తాయి. తేదీతో మీ దగ్గర ప్రతి ఉండాలి.

తర్వాత ఏ నిబంధనల కింద భర్తీ చేస్తున్నారో చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. యూజీసీ 2010 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికకు అకడమిక్ రికార్డు, పరిశోధనలకు 50, సబ్జెక్టు పరిజ్ఞానం, బోధనా నైపుణ్యాలకు 30, ఇంటర్వ్యూకు 20 శాతం వెయిటేజీ ఉండేది. 2018 నిబంధనలు దాన్ని మార్చాయి. అకడమిక్ స్కోరు ఇంటర్వ్యూకు పిలవడం వరకే, తుది ఎంపిక ఇంటర్వ్యూ ప్రతిభ మీదే. పదకొండు పబ్లికేషన్లున్న అభ్యర్థి కేసు అందుకే నిలబడదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల అసిస్టెంట్ ప్రొఫెసర్ల కోసం ఇచ్చిన జీవో 21 మళ్లీ మూడు దశలు పెట్టింది: అకడమిక్, పరిశోధన రికార్డుకు 50, సబ్జెక్టు పరిజ్ఞానం, బోధనా నైపుణ్యానికి 30, ఇంటర్వ్యూకు 20. అదే అభ్యర్థి అవే కాగితాలతో గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళితే ఒక లెక్క, ఉస్మానియాకు వెళితే ఇంకో లెక్క. పంజాగుట్ట నిమ్స్ లాంటి వైద్య విద్యాసంస్థల్లో పోస్టులకైతే జాతీయ వైద్య కమిషన్ అధ్యాపక అర్హతల నిబంధనలు చూడాలి.

మూడోది కమిటీ కూర్పు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ సెలెక్షన్ కమిటీకి వైస్ చాన్సలర్ లేదా ఆయన నామినీ అధ్యక్షత వహిస్తారు. చాన్సలర్ లేదా విజిటర్ నామినీ ఒకరు, ఆమోదం పొందిన ప్యానెల్ నుంచి ముగ్గురు సబ్జెక్టు నిపుణులు, డీన్, విభాగాధిపతి ఉంటారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగ వర్గాల అభ్యర్థులుండి, కమిటీలో ఆ వర్గం వాళ్లు లేకపోతే, ఆ వర్గానికి చెందిన అధ్యాపకులొకరిని చేర్చాలి. కనీసం నలుగురు, అందులో బయటి సబ్జెక్టు నిపుణులు ఇద్దరు హాజరైతేనే కోరం. "నిపుణుల కమిటీ చెప్పింది కాబట్టి వినండి" అని విశ్వవిద్యాలయం వాదించాలంటే ముందు ఆ కమిటీలో నిపుణులు ఉండాలి కదా. కోరం లేని కమిటీకి, ప్యానెల్‌లో లేని నిపుణుడికి ఆ గౌరవం దక్కదు.

ఇంటర్వ్యూ గదిలో తెలిసినవారు కనిపిస్తే

మీతో పోటీపడుతున్న అభ్యర్థికి కమిటీలో ఒకరు దగ్గరి బంధువని మీకు తెలుసనుకోండి. అభ్యంతరం చెప్పడానికి అది గట్టి కారణమే. క్రైపాక్ కేసులో జమ్మూ కశ్మీర్ అటవీ అధికారి ఒకరు తానే అభ్యర్థిగా ఉంటూ సెలెక్షన్ బోర్డులో సభ్యుడయ్యారు. తన పేరు పరిశీలించేటప్పుడు పక్కకు తప్పుకున్నా, జాబితా మొత్తాన్ని 1969లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. పక్షపాతం జరిగిందని రుజువు చేయనక్కర్లేదు, జరగడానికి సహేతుకమైన అవకాశం ఉంటే చాలు.

అయితే ఎప్పుడు చెప్పారన్నదే ఇక్కడ అసలు మెలిక. లక్నో విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ ప్రొఫెసరు పోస్టుకు పోటీపడ్డ డాక్టర్ సరన, కమిటీ సభ్యుల సంగతి ముందే తెలిసినా మాట్లాడకుండా ఇంటర్వ్యూకు వెళ్లారు. పోస్టు రాకపోయాక కోర్టుకొచ్చారు. అభ్యంతరాన్ని మీరే వదులుకున్నారని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. 1995లో మదన్‌లాల్ కేసులోనూ అదే మాట: ఇంటర్వ్యూకు హాజరై, ఫలితం నచ్చకపోయాక పద్ధతిని తప్పుపట్టడం కుదరదు.

మరి ఇంటర్వ్యూకు ముందే గొడవపడితే మార్కులు ఎవరు వేస్తారన్నది న్యాయమైన భయమే. మధ్యేమార్గం ఒకటుంది. ఆరోపణల జోలికి పోకుండా, ఫలానా సభ్యుడికి ఫలానా అభ్యర్థితో ఉన్న బంధుత్వాన్ని రెండు వాక్యాల్లో రాసి, నిబంధనల ప్రకారం తగిన నిర్ణయం తీసుకోవాలని కోరుతూ రిజిస్ట్రారుకు ఈమెయిల్ పంపండి. ఇంటర్వ్యూకు ముందు రోజు రాత్రి పంపినా తేదీ, సమయం నిలిచిపోతాయి. 2019 డిసెంబరులో మీటా సహాయ్ కేసులో సుప్రీంకోర్టు కొంత వెసులుబాటు కూడా ఇచ్చింది. పరీక్షకు హాజరైనవారు నిర్దేశిత పద్ధతిని ఒప్పుకున్నట్టే గానీ, అందులో జరిగిన చట్టవిరుద్ధాన్ని ఒప్పుకున్నట్టు కాదు. నిబంధననే తప్పుగా అన్వయించారన్న వాదన ఫలితాల తర్వాతా వినిపించవచ్చు.

ఫలితాలొచ్చాక మొదటి నెల

జాబితా వచ్చిన రోజే దాని పీడీఎఫ్ భద్రం చేసుకోండి. ఆ వారంలోనే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, వచ్చింది చాలకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. "ఎంపిక ఎందుకు చేయలేదు?" అని అడిగితే ఏమీ రాదు, కారణాలు చెప్పడం కాదు, ఉన్న కాగితాలివ్వడమే ఆ చట్టం పని. ఇలా అడగండి: నా మార్కులు, విభాగాల వారీగా. సెలెక్షన్ కమిటీ మినిట్స్ ప్రతి. ఆ రోజు హాజరైన సభ్యుల హోదాలు, వారిలో బయటి నిపుణులెందరు. నిపుణుల ప్యానెల్‌ను ఏ సంస్థ, ఏ తేదీన ఆమోదించింది. కనీస మార్కులు నిర్ణయిస్తే, ఆ తీర్మానం తేదీ. పోస్టుకు రోస్టరు పాయింటు. సభ్యుల పేర్లు అడిగితే నిరాకరించవచ్చు. హోదాలు అడిగితే కోరం తేలిపోతుంది.

రిజర్వుడు పోస్టును 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాసి ఖాళీగా వదిలేసిన సందర్భంలో తీర్మానం తేదీ ప్రశ్న మరీ ముఖ్యం. తగినవారు లేరన్న అభిప్రాయాన్ని కోర్టు కాదనకపోవచ్చు. ఆ అభిప్రాయానికి వాడిన గీటురాయి ఇంటర్వ్యూల తర్వాత పుట్టిందని తేలితే సంగతి వేరు. రోస్టరు తప్పులూ అంతే. అవి చట్టానికి, లెక్కకు సంబంధించినవి. నిపుణుల అభిప్రాయమన్న మాటే అక్కడ రాదు.

దీనితోపాటే రిజిస్ట్రారుకు వినతిపత్రం ఇవ్వండి. కోర్టులో మొదట అడిగే ప్రశ్న "అధికారులకు చెప్పుకున్నారా?" అన్నదే. ఆవేదన అందులో వద్దు. నమూనా ఇది:

"ఫలానా తేదీ నోటిఫికేషన్ కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు చేసి, ఫలానా తేదీన ఇంటర్వ్యూకు హాజరయ్యాను. నోటిఫికేషన్ 7వ పేరా ప్రకారం ఇంటర్వ్యూకు 20 మార్కులు; కనీస మార్కుల షరతు లేదు. ప్రకటించిన జాబితాలో, ఇంటర్వ్యూలో కనీస మార్కులు రానివారిని తొలగించినట్టు పేర్కొన్నారు. ఆ షరతును పక్కన పెట్టి, మొత్తం మార్కుల ఆధారంగా జాబితాను సవరించాలని, నిర్ణయం వెలువడేవరకు ఒక పోస్టు ఖాళీగా ఉంచాలని కోరుతున్నాను."

పేరా సంఖ్య, తేదీ, కోరిక. అంతకుమించి రాయకండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, లేదా ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఏ కోర్టు, ఎవరి మీద, ఏం అడగాలి?

రాష్ట్ర, కేంద్రీయ విశ్వవిద్యాలయాలైతే హైకోర్టులో రిట్. తార్నాకలోని ఐఐసీటీ వంటి సీఎస్ఐఆర్ సంస్థలైతే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచికి వెళ్లాలి, అక్కడ సాధారణంగా ఏడాది గడువు. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ కాలేజీతో కేవలం ఉద్యోగ ఒప్పందానికి సంబంధించిన పేచీకి రిట్ కుదరదని 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రిట్‌కు చట్టంలో ఇన్ని రోజులని గడువు లేదు. అయినా ఎంపికైనవాళ్లు చేరి, ప్రొబేషన్ ముగిసేదాకా ఊరుకుంటే ఆలస్యమే మీకు అడ్డు. ఎంపికైనవారిని కూడా ప్రతివాదులుగా చేర్చాలి. వాళ్ల ఉద్యోగం పోయేలా తీర్పు అడుగుతూ వాళ్ల మాట వినకుండా చేస్తే కేసు అక్కడే ఆగిపోతుంది. నెగ్గినా నేరుగా నియామక పత్రం చేతికి రావడం తక్కువ. చాలాసార్లు వచ్చే ఉత్తర్వు, జాబితాను నిబంధనల ప్రకారం మళ్లీ తయారుచేయమనో, సరైన కమిటీతో మళ్లీ ఇంటర్వ్యూలు పెట్టమనో ఉంటుంది. జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాదని 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో తేలింది. అలాగని ఖాళీలుండగా కారణం లేకుండా ఇష్టమొచ్చినట్టు నిరాకరించడమూ కుదరదు.

ఎంపికైన వ్యక్తికి నిబంధనలు అడిగే కనీస అర్హతే లేదన్నది ప్రత్యేకమైన కేసు. నెట్ లేదా సెట్ తప్పనిసరి అయినచోట అది గానీ మినహాయింపు గానీ లేకుండా నియమించారనుకోండి, 'కో వారంటో' రిట్ వేయవచ్చు. దానికి మీరు పోటీదారు కానక్కర్లేదు. గోవిందరావు వేసిందీ అదే రకం. కానీ అర్హత ఉందా లేదా అన్నది నిపుణులు తూచాల్సిన విషయమైతే ఆయనకు ఎదురైన జవాబే మీకూ ఎదురవుతుంది.

ఫీజు భారమనుకునేవాళ్లకు ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కీ మీద గొడవ ఉన్నవాళ్లకు

అమీర్‌పేటలో ఎక్కువమంది గొడవ ఇంటర్వ్యూతో కాదు, పరీక్ష కీతో. అక్కడా సూత్రం ఇదే. 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు, కీ సరైనదనే అనుకోవాలి, తప్పని స్పష్టంగా రుజువైతే తప్ప అని చెప్పింది. ఆ కేసులో విద్యార్థులు నెగ్గారు. ఎందుకంటే వాళ్లు నిర్దేశిత పాఠ్యపుస్తకాలు తెచ్చి చూపించారు. 2017 డిసెంబరులో రణ్‌విజయ్ సింగ్ కేసులో, ఉత్తరప్రదేశ్ ఉపాధ్యాయ నియామకాల వివాదం మీద, అనుమానం ఉన్నప్పుడు ప్రయోజనం పరీక్ష నిర్వహించిన సంస్థకే దక్కాలని తేల్చింది. కోచింగ్ సెంటరు విడుదల చేసిన కీ కోర్టులో సాక్ష్యం కాదు. ప్రామాణిక పుస్తకం, ఎడిషన్, పేజీ సంఖ్య కావాలి, అవి అభ్యంతరాలు స్వీకరించే ఆ కొద్ది రోజుల్లోనే అప్‌లోడ్ చేసి ఉండాలి. రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతున్న ప్రశ్న మీద పోరాడటం దండగ.

వెళ్లాలా, వద్దా?

ఒక తెల్లకాగితం తీసుకుని మీ ఫిర్యాదును ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో నిబంధన సంఖ్య, తేదీ, దాన్ని ఉల్లంఘించిన పని, ఈ మూడూ ఉంటే లాయరును కలవండి. "అన్యాయం", "అర్హత", "ప్రతిభ" అన్న మాటలు తప్ప ఇంకేమీ లేకపోతే, బాధ నిజమే అయినా దానికి మందు హైకోర్టులో లేదు. ఆ డబ్బుతో, ఆ కాలంతో వచ్చే నోటిఫికేషన్‌కు సిద్ధం కావడమే లాభం. కేసు వేసినవాళ్లు కూడా దరఖాస్తులు ఆపకండి. వాయిదాలు ఏళ్ల మీద పడతాయి. ఈలోగా వయోపరిమితి ఉన్నచోట అది దాటిపోతుంది, పబ్లికేషన్లు పాతబడతాయి. ఇంకో పోస్టులో చేరితే కేసు పోతుందేమోనని భయపడి ఇంట్లో కూర్చోవద్దు, చేరే ముందు మీ లాయరును అడిగి, కేసులో ఆ సంగతి దాచకుండా చెప్పండి.